ఆజ్ఞ, అనుజ్ఞ, నిత్యనియమం: తాళ్ళపాకవారి సంకీర్తన కైంకర్యం – చారిత్రక పరిశీలన

కైంకర్యమనే మాట కింకర శబ్దం నుంచి వచ్చింది. ‘ఏమి చేయమంటారు?’ అని అడుగుతూ ప్రభువు ఎదుట నిలిచేవాడు కింకరుడని సంప్రదాయ వ్యుత్పత్తి. ఈ ప్రశ్నలోనే భక్తుని స్థితి మొత్తం ఇమిడి ఉంది. ఏమి చేయాలో నిర్ణయించేది సేవకుడు కాదు. ఎప్పుడు చేయాలో, ఎంతకాలం చేయాలో కూడా అతని వీలును బట్టి ఉండదు. శ్రీవైష్ణవ సిద్ధాంతం ఈ సంబంధాన్ని శేషశేషి భావంగా వివరించింది. భగవంతుడు శేషి, జీవుడు శేషుడు. శేషుని ఉనికి శేషి ప్రయోజనం కోసమే. కనుక తన సౌఖ్యం ముందా, స్వామి సేవ ముందా అన్న ప్రశ్నకు సిద్ధాంతపరంగా సమాధానం ముందే ఉంది. ఆచరణలో అది అంత సులభం కాదు. ఆకలి, నిద్ర, కుటుంబ పోషణ, రాజాశ్రయం అనేవి ప్రతి తరంలోనూ ఆ సమాధానాన్ని పరీక్షిస్తూనే వచ్చాయి.

తెలుగు సాహిత్య చరిత్రలో ఈ పరీక్షను ఒక కుటుంబం మూడు తరాలపాటు ఎదుర్కొన్న తీరు తాళ్ళపాకవారి విషయంలో కనబడుతుంది. అన్నమాచార్యులు రాజును కీర్తించడానికి నిరాకరించిన వృత్తాంతం సుప్రసిద్ధం. ఆ ఒక్క సాహస ఘట్టం మీదనే దృష్టి నిలపడం వల్ల, దానికి ముందూ వెనుకా ఉన్న నిత్యనియమం మరుగున పడింది. దైవాజ్ఞకు ప్రాధాన్యమివ్వడమంటే ఏమిటో తాళ్ళపాకవారి చరిత్రలో తెలిసేది ఆ నియమం వల్లనే. ఈ అంశాన్ని చరిత్ర కావ్యం, రాగిరేకులు, తిరుమల శాసనాలు అనే మూడు ఆధారాల వెలుగులో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ఆజ్ఞాకైంకర్యం – అనుజ్ఞాకైంకర్యం

వేదాంతదేశికుల సంప్రదాయంలో కైంకర్యాన్ని రెండు విధాలుగా విభజించారు. సంధ్యావందనాది నిత్యనైమిత్తిక కర్మలు ఆజ్ఞాకైంకర్యం. అవి భగవంతుని ఆజ్ఞారూపమైనవి కనుక చేయకపోతే దోషం. పుష్పమాలలు సమర్పించడం, దీపం పెట్టడం, గానం చేయడం వంటివి అనుజ్ఞాకైంకర్యం. చేస్తే స్వామికి ప్రీతి, చేయకపోతే ప్రత్యవాయం లేదు.

ఈ విభజన ప్రకారం సంకీర్తన రచన అనుజ్ఞాకైంకర్యం కిందికే వస్తుంది. పాట కట్టలేని రోజున కవికి పాపం అంటదు. అయినా తాళ్ళపాకవారి విషయంలో ఆధారాలు మరో సంగతిని సూచిస్తున్నాయి. ఐచ్ఛికమైన ఒక సేవ దైవాదేశంగా స్వీకృతమై, ఆపై దినదిన నియమమై, చివరకు వంశధర్మంగా స్థిరపడింది. అంటే అనుజ్ఞ ఆజ్ఞగా మారింది. ఈ మార్పును గమనించకుండా రాజనిరాకరణ వృత్తాంతాన్ని చదివితే, అది ఒక కవి ఆత్మాభిమానం కథగా మాత్రమే కనిపిస్తుంది.

తిరుమలలో పూర్వాదర్శం

తిరుమలకు సంబంధించినంతవరకు ఇటువంటి మార్పుకు అన్నమాచార్యులకంటే ముందే ఒక ఆదర్శం ఉంది. రామానుజాచార్యులు ఒకనాడు శిష్యగోష్ఠిలో, వేంకటాచలం మీద నివసించి స్వామికి పుష్పకైంకర్యం చేయడానికి ఎవరు సిద్ధమని అడిగారని గురుపరంపరా కథనం. కొండ మీది చలిని, అడవిలోని కష్టాన్ని తలచుకొని తక్కినవారు వెనుకాడగా అనంతాళ్వారు ఒక్కరే లేచి నిలిచారు. తిరుమలలో తోట వేసి, దానికి నీటివసతి కోసం చెరువు తవ్వే పనిని భార్యతో కలిసి చేపట్టారు. గర్భవతియైన ఆమె మట్టి మోస్తుండగా స్వామి బాలుని రూపంలో వచ్చి సాయపడ్డాడనీ, గురువు తనకు అప్పగించిన సేవలో ఇతరుల ప్రమేయాన్ని సహించని అనంతాళ్వారు గునపం విసరగా అది బాలుని చుబుకానికి తగిలిందనీ కథ. స్వామి చుబుకానికి పచ్చకర్పూరం అద్దే ఆచారానికి ఈ వృత్తాంతాన్నే కారణంగా చెబుతారు. మహాద్వారం వద్ద గోడకు కనిపించే గునపం ఆ కథకు గుర్తుగా నిలిచి ఉంది.

ఈ కథనంలో రెండు విషయాలు గమనించదగినవి. మొదటిది, శారీరక సౌఖ్యాన్ని వదులుకోవడం అక్కడ లక్ష్యం కాదు. తోట కావాలి, తోటకు నీరు కావాలి, నీటికి చెరువు కావాలి. కష్టం ఆ పనిలో భాగంగా వచ్చింది. రెండవది, అనంతాళ్వారు ఎదిరించింది శత్రువును కాదు. సాయంగా వచ్చిన సౌలభ్యాన్ని. అప్పగించిన పనిని తానే చేయాలన్న నిష్ఠ సౌలభ్యాన్ని కూడా ఆటంకంగా చూసింది. తాళ్ళపాకవారు చేరిన తిరుమల ఇటువంటి కథలు ప్రచారంలో ఉన్న తిరుమల.

చరిత్రలోని మూడు ఘట్టాలు

అన్నమాచార్యుల జీవితానికి ప్రధానాధారం ఆయన మనుమడు తాళ్ళపాక తిరువేంగళనాథుడు, అంటే చిన్నన్న, ద్విపదలో రచించిన ‘అన్నమాచార్య చరిత్రము’. వేటూరి ప్రభాకరశాస్త్రి విపులమైన పీఠికతో 1949లో దీనిని వెలుగులోకి తెచ్చారు. ప్రస్తుతాంశానికి ఇందులోని మూడు ఘట్టాలు ముఖ్యమైనవి.

మొదటిది బాల్యంలో తిరుమల ప్రయాణం. గడ్డి కోయడానికి వెళ్ళిన బాలుడు కొడవలితో వేలు తెగగా ఇల్లు విడిచి యాత్రికుల వెంట నడిచాడు. కొండ ఎక్కుతూ మోకాళ్ళ పర్వతం వద్ద అలసి సొమ్మసిల్లగా, అలమేలుమంగ ప్రత్యక్షమై, ఈ కొండ సాలగ్రామమయమని, పాదరక్షలు విడిచి ఎక్కాలని చెప్పింది. ప్రసాదం పెట్టి ఆకలి తీర్చింది. ఇక్కడ ఆజ్ఞ చాలా చిన్నది. విడువవలసింది రాజ్యమూ కాదు, ప్రాణమూ కాదు, కాలికి ఉన్న చెప్పులు. అయినా రాతిమెట్ల దారిలో అలసిన పిల్లవానికి అంతకు మించిన సౌఖ్యం వేరే లేదు. పాదరక్షలు విడవమన్న తల్లే అన్నం పెట్టడం కూడా విశేషమే. సౌఖ్యాన్ని అడిగి తీసుకున్న చేయే పోషణను ఇచ్చింది. ఈ పరస్పరత తరువాతి తరాల చరిత్రలో శాసనభాషలో మళ్ళీ కనబడుతుంది.

రెండవది పదహారవ ఏట స్వామి సాక్షాత్కారం. ఈ విషయానికి చరిత్రకావ్యంతోపాటు రాగిరేకు సాక్ష్యం కూడా ఉంది. ఆధ్యాత్మ సంకీర్తనల తొలిరేకు పీఠిక ప్రకారం, అన్నమాచార్యులకు పదహారేండ్లు నిండినప్పుడు తిరువేంగళనాథుడు ప్రత్యక్షమయ్యాడు. శక సంవత్సరం 1346 క్రోధి మొదలుకొని 1424 దుందుభి ఫాల్గుణ బహుళ ద్వాదశి వరకు ఆయన సంకీర్తనలు రచించాడు. క్రోధి క్రీ.శ. 1424కు, దుందుభి ఫాల్గుణం 1503కు సరిపోతాయి. అన్నమాచార్యుల జననాన్ని 1408గా నిర్ణయించడానికి ఈ లెక్కే ఆధారం. ఒక కవి జీవితాన్ని పుట్టుకతో కాక సేవారంభంతో మొదలుపెట్టి లెక్కించడం ఈ పీఠికలోని ప్రత్యేకత. వంశీకుల దృష్టిలో ఆయన ఆయుర్దాయమంటే కైంకర్యకాలమే.

మూడవది రాజనిరాకరణ. టంగుటూరు ప్రభువుగా ఉన్ననాడే అన్నమాచార్యులను ఆదరించిన సాళువ నరసింహరాయలు, తరువాత పెనుగొండలో ఆయన పాడిన శృంగార సంకీర్తన విని ముగ్ధుడై, తన మీద కూడా అటువంటి పదం చెప్పమన్నాడు. హరిని కీర్తించే నాలుకతో నరుని కీర్తించలేనని అన్నమాచార్యులు నిరాకరించారు. రాజు సంకెళ్ళు వేయించగా స్వామిని వేడుకొన్న కవికి బంధనాలు వీడాయి. రాజు పశ్చాత్తాపపడ్డాడు.

నిరాకరణ కథ: వాస్తవం, ఆదర్శం

ఈ మూడవ ఘట్టాన్ని చరిత్రకారుడు జాగ్రత్తగా పరిశీలించవలసి ఉంటుంది. దానికి ప్రధానాధారం చరిత్రకావ్యమే. కావ్యకర్త కథానాయకుని మనుమడు. అంతేకాక చిన్నన్న ‘పరమయోగివిలాసం’ కర్త కూడా. ఆళ్వారుల, ఆచార్యుల చరిత్రలు ఆ ద్విపదకావ్యానికి ఇతివృత్తం. తిరుమళిశై ఆళ్వారు శిష్యుడు కణికణ్ణన్ పల్లవరాజును స్తుతించడానికి అంగీకరించక కంచి విడిచి వెళ్ళగా, ఆళ్వారు అతని వెంట, స్వామి తన శేషశయ్యను చుట్టుకొని ఆళ్వారు వెంట నడిచారన్న కథ శ్రీవైష్ణవులలో సుప్రసిద్ధం. నమ్మాళ్వారు కూడా నరస్తుతిని నిరసిస్తూ పాశురాలు చెప్పారు. ఇటువంటి సంప్రదాయంలో పెరిగిన మనుమడు తాతగారి జీవితాన్ని ఆళ్వారుల ఆదర్శంలో చూసి ఉండడం సహజం.

కథకు పూర్వరూపం ఉన్నంతమాత్రాన సంఘటన జరగలేదనడానికి వీలులేదు. కాలపరిస్థితి ఆ సంఘర్షణను నమ్మదగినదిగానే చూపుతోంది. సాళువ నరసింహుడు కావ్యాలకు అంకితం పుచ్చుకొన్న ప్రభువు. పిల్లలమర్రి పినవీరభద్రుడు తన జైమినిభారతాన్ని ఆయనకే అంకితమిచ్చాడు. శ్రీనాథుడు రాజులకూ మంత్రులకూ వర్తకులకూ కృతులిచ్చిన శతాబ్దమది. అదే శతాబ్దంలో పోతన భాగవతాన్ని శ్రీరామునికి అంకితం చేశాడు. రాజాశ్రయం ఆనాటి కవికి అన్నవస్త్రాలిచ్చే వ్యవస్థ. పైగా సాళువ నరసింహుడు తిరుమల ఆలయానికి గొప్ప దాత. అటువంటి వైష్ణవభక్తుడైన రాజు కోరికను నిరాకరించడం విధర్మిని ఎదిరించడం కంటె కష్టం. రాజు కోరింది దైవదూషణ కాదు. దేవుని కోసం పుట్టిన పాటలో తనకూ ఒక పాలు.

సమస్య ఆ పాలులోనే ఉంది. అన్నమాచార్యుల సంకీర్తన స్వేచ్ఛగా చెప్పే కవిత్వమై ఉంటే, ఒక పదాన్ని రాజుకివ్వడం వల్ల తక్కినవాటికి లోపం రాదు. అది ఆదేశంగా స్వీకరించిన సేవ కనుక ఆ వాక్కుపై ఆయనకు అధికారం లేదు. స్వామి సొత్తును స్వామి అనుమతి లేకుండా మరొకరికి ఇవ్వడం కింకరునికి తగదు. ఈ దృష్టితో చూస్తే నిరాకరణలో ధిక్కారం కంటె నియమపాలన ఎక్కువ. సంకెళ్ళ కథ ఎంతవరకు వాస్తవమైనా, దాని వెనుక ఉన్న తర్కం మాత్రం రాగిరేకులు నమోదు చేసిన నియమానికి అనుగుణంగానే ఉంది.

లెక్కలో నియమం

అన్నమాచార్యులు 32 వేల సంకీర్తనలు రచించారని చరిత్రకావ్యం చెబుతోంది. లభించినవి దాదాపు 12 వేలు. పెద్దసంఖ్యలు పురాణశైలికి సహజమని దీనిని తోసిపుచ్చడం తేలిక. కాని రాగిరేకు ఇచ్చిన తేదీల ప్రకారం సేవాకాలం సుమారు 79 సంవత్సరాలు, అంటే దాదాపు 28,800 రోజులు. 32 వేలను ఈ రోజులతో భాగిస్తే రోజుకు ఒకటి కంటె కొంచెం ఎక్కువ వస్తుంది. రోజుకొక సంకీర్తనకు తక్కువ కాకుండా స్వామికి సమర్పించాలన్నది అన్నమాచార్యుల నియమమనీ, అవసానకాలంలో కుమారుడు పెదతిరుమలాచార్యులకు కూడా ఇదే ఆదేశించారనీ సంప్రదాయం. సంఖ్య, నియమం ఒకదానికొకటి సరిపోతున్నాయి. 32 వేలన్నది లెక్కించి చెప్పిన మాట కావచ్చు, నియమం నుంచి ఊహించిన మొత్తం కావచ్చు. ఏదైనా, సంఖ్య వెనుక ఉన్న భావన నిత్యత్వమే.

నిత్యనియమంలోని కష్టం సంకెళ్ళలోని కష్టం వంటిది కాదు. దానికి సాక్షులుండరు. జ్వరం వచ్చిన రోజు, ఇంట్లో శుభకార్యమో అశుభమో జరిగిన రోజు, మనసు ఒప్పని రోజు కూడా పాట కట్టాలి. ఆధ్యాత్మ సంకీర్తనలలో ఆత్మనింద విరివిగా కనిపించడానికి ఇది ఒక కారణం కావచ్చు. ఇంద్రియాలకు లోబడ్డానని, చిత్తం నిలవడం లేదని, సంసారతాపత్రయం వదలడం లేదని చెప్పుకొన్న పాటలు అనేకం. భక్తి ఉప్పొంగిన వేళే పాడేవాడైతే ఇన్ని నిస్సారమైన వేళలు పాటల్లోకి వచ్చేవి కావు. మనసు లేని రోజున ఆ మనసులేమినే నివేదించడం నియమాన్ని నిలుపుకొనే ఉపాయమైంది. నిద్ర రాజుకూ సేవకునికీ సమానమే అన్న భావం గల సుప్రసిద్ధ సంకీర్తనను కూడా ఈ నేపథ్యంలో చదవవచ్చు. పరుపు మారినా నిద్ర మారదన్న ఎరుక రాజాశ్రయం ఇచ్చే సుఖం విలువను తగ్గించింది.

శాసనాల సాక్ష్యం

ఇంతవరకు చూసిన చిత్రం సౌఖ్యత్యాగానిది. శాసనాలు దీనికి మరో పార్శ్వాన్ని చేరుస్తాయి. అన్నమాచార్యులు సన్యాసి కారు. తిరుమలమ్మ, అక్కలమ్మ ఆయన భార్యలు. వారిలో తిరుమలమ్మ, అంటే తిమ్మక్క, ‘సుభద్రాకల్యాణం’ కర్త్రి. కుమారులూ మనుమలూ కవులు. పెద్ద కుటుంబాన్ని పోషించవలసిన గృహస్థు ఆయన. పెదతిరుమలాచార్యుల కాలానికి ఆ కుటుంబం సంపన్నమైంది. అచ్యుతదేవరాయల కాలానికి చెందిన తిరుమల శాసనాలలో, తమిళంలో ఉన్నవాటిలో, ఆయన పేరు దాతగా కనిపిస్తుంది. గ్రామాలనూ ధనాన్నీ ఆలయానికి సమర్పించి స్వామికి నివేదనలు, ఉత్సవాలు ఏర్పాటు చేసినవారిలో ఆయన ఒకరు.

రాజును కీర్తించనన్న తండ్రికి గ్రామాలు దానమిచ్చే కుమారుడు వారసుడవడం వైరుధ్యంగా తోచవచ్చు. తిరుమల దానవ్యవస్థను గమనిస్తే ఆ వైరుధ్యం కొంత సడలుతుంది. దాత ఇచ్చిన ధనాన్ని, గ్రామాలను ఆలయం చెరువులకు, కాలువలకు వినియోగించి, పెరిగిన రాబడితో నివేదనలు జరిపేది. విజయనగరకాలపు తిరుపతి ఆలయం వ్యవసాయాభివృద్ధికి ఈ విధంగా మూలధనం సమకూర్చిన తీరును బర్టన్ స్టైన్ 1960లో ప్రకటించిన వ్యాసంలో వివరించాడు. నివేదించిన ప్రసాదంలో సాధారణంగా నాలుగవ వంతు దాతకు చెందేది. శాసనాలు దీనిని ‘విట్టవన్ విళుక్కాడు’ అని పేర్కొన్నాయి. అంటే కుటుంబపోషణ నిషిద్ధం కాలేదు. స్వామికి నివేదించిన తరువాత శేషంగా తిరిగి వచ్చింది. మోకాళ్ళ పర్వతం మీద బాలునికి దొరికిన ప్రసాదం ఇక్కడ ఒక వ్యవస్థగా మారింది.

అయితే ఈ మార్పు పూర్తిగా నిర్దోషమైనదని చెప్పడానికి లేదు. ప్రసాదభాగం హక్కుగా మారినప్పుడు అది ఆస్తి అవుతుంది. ఇతరులకు బదలాయించడానికీ వీలవుతుంది. సేవకుడు దాతగా, దాత హక్కుదారుగా మారే దారిలో ‘ఏమి చేయమంటారు?’ అన్న ప్రశ్న ‘నాకు రావలసినదేది?’ అన్న ప్రశ్నగా మారే ప్రమాదం ఉంది. సంపన్నదశలో ఉన్న వంశంలోని మనుమడు, తాతగారి చెప్పులు విడిచిన ఘట్టాన్నీ సంకెళ్ళ ఘట్టాన్నీ అంత శ్రద్ధగా కావ్యంలో నిలపడానికి ఈ ప్రమాదం గురించిన ఎరుక కూడా ఒక కారణమై ఉండవచ్చు. వంశకీర్తిని చాటడం దాని ప్రయోజనమన్నది స్పష్టం. ఆ కీర్తికి మూలం గ్రామాలు కావు, విధేయత అని వంశీకులకే గుర్తుచేయడం రెండవ ప్రయోజనం.

రాగిరేకులు: వినియోగించిన సంపద

ఆ సంపద ఎక్కడికి వెళ్ళిందన్న ప్రశ్నకు కొంత సమాధానం సంకీర్తనభాండాగారంలో ఉంది. వేల సంకీర్తనలను తాటాకు మీద కాక రాగిరేకులపై చెక్కించడం మిక్కిలి వ్యయప్రయాసలతో కూడిన పని. పెదతిరుమలాచార్యుల కాలంలో ఇది జరిగిందని పండితుల అభిప్రాయం. రాజులు దానశాసనాలకు వాడే లోహాన్ని తాళ్ళపాకవారు పాటలకు వాడారు. సంకీర్తన స్వామి సొత్తు అన్న భావనకు ఇంతకంటె స్పష్టమైన భౌతిక సాక్ష్యం లేదు.

ఆ రేకులు తరువాత చాలాకాలం నిరుపయోగంగా ఉండిపోయాయి. నన్నయ వ్యాకరణం దొరుకుతుందన్న ఆశతో వాటిని పరిశీలింపజేసిన ఏ.డి. క్యాంప్‌బెల్, ఒక్క వ్యాకరణ సంబంధమైన రచన మినహా అవన్నీ దేవతాస్తుతులేనని 1816 నాటి తన తెలుగు వ్యాకరణంలో నిరాశతో పేర్కొన్నాడు. ఆయన వెదికినది వేరు కనుక ఆ నిరాశ సహజమే. ఇరవయ్యవ శతాబ్దంలో సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి, వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ ప్రభృతుల కృషితో ఆ స్తుతులు తెలుగువారికి తిరిగి దక్కాయి. వినేవారు లేని కాలంలో కూడా పాట చెడకుండా ఉండటానికి కారణం, దానిని చెక్కించినవారు శ్రోతల కోసం చెక్కించకపోవడమే.

సౌఖ్యం ఎవరిది?

తాళ్ళపాకవారి కైంకర్యంలో ఆలయదినచర్యతో ముడిపడినవి రెండు వేళలు. తెల్లవారుజామున సుప్రభాతవేళ స్వామిని మేలుకొలిపే పాట, రాత్రి ఏకాంతసేవలో స్వామిని నిద్రపుచ్చే లాలి. ఏకాంతసేవలో తాళ్ళపాకవారి లాలికి, తరిగొండ వెంగమాంబ ముత్యాలహారతికి స్థానముంది. స్వామికంటె ముందు లేచి, స్వామి నిద్రించిన తరువాత నిద్రించవలసినవాడు ఈ సేవకుడు. అతని విశ్రాంతి రెండు వైపుల నుంచీ కుదించుకుపోయింది. అయితే అతడు పాడే పాటలో ఉన్నది విశ్రాంతే. మెత్తని పాన్పు, చల్లని గాలి, సుఖనిద్ర అన్నీ అందులో ఉన్నాయి. సౌఖ్యాన్ని అతడు నిందించలేదు. దానిని స్వామికి అప్పగించాడు. వైరాగ్యబోధ చేసే కవి అంత విస్తారంగా శృంగార సంకీర్తనలు చెప్పడంలోని సమన్వయం కూడా ఇక్కడే దొరుకుతుంది. భోగానికి భోక్త మారాడు.

ఈ పరిశీలన వల్ల మూడు విషయాలు తేలుతున్నాయి. సంకీర్తన రచన తాళ్ళపాకవారిలో అనుజ్ఞాకైంకర్యం నుంచి ఆజ్ఞాకైంకర్యంగా పరిణమించింది. రాజనిరాకరణ వృత్తాంతం ఆ పరిణామానికి ఫలితమే గాని మూలం కాదు. గృహస్థజీవితం, సంపద ఆ కైంకర్యానికి విరోధులు కాలేదు. ఏది ముందు, ఏది తరువాత అన్న వరుస చెడనంతకాలం అవి దానికి సాధనాలయ్యాయి. ఆ వరుసను కాపాడింది ఒకనాటి త్యాగం కాదు, ప్రతిదినం తిరిగి చేయవలసి వచ్చిన చిన్న పని. సంకెళ్ళ కథ నమ్మినవారికీ నమ్మనివారికీ కూడా, రాగిరేకు మీది తేదీల మధ్య ఉన్న 79 సంవత్సరాలు చారిత్రకసాక్ష్యంగా నిలుస్తాయి.